ఆంగ్ల ప్రభువంశాల ప్రేమనవలలు మనం ఇష్టంగా చదవవచ్చా?

సంపెంగ:
మా పుస్తక బృందంలో వచ్చే నెలకు ఏం చదువుదామన్న మాట వచ్చినప్పుడు, యువరాజు రాజప్రతినిధిగా ఏలిన రీజెన్సీ కాలపు (1811–1820) ఇంగ్లండు ప్రభువంశాల నేపథ్యంలో ఈనాటి రచయిత్రి ఒకరు రాసిన ప్రేమనవలను నేను సూచించాను. "మనల్ని ఏలినవాళ్ళ పెళ్ళిళ్ళు మనకెందుకు" అని ఒక సభ్యుడు దాన్ని జాబితాలోంచి తీయించారు. ఇక్కడివారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది. నన్ను ఈ నవలల్లోకి లాగేవి గుర్రపుబండ్లూ నాట్యసభలూ కావు. వీటికి మూలపుటమ్మ అయిన జేన్ ఆస్టిన్ 1813లో ప్రచురించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చూడండి. బెన్నెట్ గారికి ఏడాదికి రెండు వేల పౌన్ల రాబడి, అయిదుగురు కూతుళ్ళు ఉన్నారు, కొడుకు మాత్రం లేడు. ఆస్తి మగ వారసుడికే చెందాలని పైతరం రాసిపెట్టిన ఎంటైల్ అనే కట్టడి వల్ల, ఆయన కన్నుమూస్తే ఇల్లూ పొలమూ కాలిన్స్ అనే దాయాదికి పోతాయి. కథానాయకుడు డార్సీ నాట్యసభలో అడుగుపెట్టిన అయిదు నిమిషాల్లోనే అతడి రాబడి పదివేలని అందరికీ తెలిసిపోతుంది. ఎకరాలు ఎన్నని అడిగి సంబంధం కలుపుకొనే ఊళ్ళో పెరిగిన నాకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

పలాస_పాఠకుడు:
ఆ పదివేలూ ఎవరు కట్టిన కౌలో నవల చెప్పదు, మీరూ అడగలేదు. ఆస్టిన్‌కు ఆ సంగతి తెలియక కాదు. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' (1814)లో సర్ థామస్ బెర్ట్రామ్‌కు ఆంటిగ్వాలో ఆస్తి ఉంది. ఆయన భార్య చెల్లెలి కూతురైన ఫ్యానీ ఆయనను బానిసల వ్యాపారం గురించి అడిగితే ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. ఆ మౌనాన్నయినా ఆమె రాసింది. ఈనాటి అనుకరణ నవలల్లో పట్టుగౌన్లు, పూలతోటలు మిగిలాయి, ప్రశ్న ఎగిరిపోయింది. మన వైపు సంగతే చూడండి. 1698 నుంచి 1709 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ పిట్, కృష్ణాతీరపు గనుల్లో దొరికిందని చెప్పే పెద్ద వజ్రాన్ని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మి, కార్న్‌వాల్‌లో బోకానక్ ఎస్టేటు కొన్నాడు. ఆయన మనుమడూ ముని మనుమడూ ఇంగ్లండు ప్రధానులయ్యారు. మీరు ముచ్చటపడే కోటల్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా ఆలోచించారా?

డాలస్_తెలుగు:
రాజకుటుంబీకులను మినహాయిస్తే ఆ కాలంలో డ్యూకులు (ప్రభువుల్లో అందరికన్నా పై బిరుదు గలవారు) ముప్పైకి అటూ ఇటూ ఉండేవారు, వారిలో పెళ్ళికాని పడుచువాడు దొరకడం గగనం. ఈ నవలల్లో మాత్రం వీధికొకడు తగులుతాడు.

బందరు_మాస్టారు:
ఇద్దరూ అసలైన సంగతిని వదిలివేశారు. డార్సీకి తన కూతురినిచ్చి పెళ్ళి చేయాలని లేడీ క్యాథరిన్ పట్టుపట్టడాన్ని మనవాళ్ళు సమీక్షల్లో మేనరికమని రాస్తున్నారు. ఆమె డార్సీ తల్లికి తోబుట్టువు. అక్కచెల్లెళ్ళ బిడ్డలు మనకు అన్నాచెల్లెళ్ళు అవుతారు, మేనరికం ఎలా అవుతుంది? పలాస గారు ఉదాహరించిన రెండో నవలలో సాక్షాత్తూ నాయికే పెదతల్లి కొడుకును పెళ్ళాడుతుంది. వరస తెలియని ఈ కథలను మన పిల్లల చేతికి ఎలా ఇస్తాం?

సంపెంగ:
మాస్టారూ, వారి ఆచారంలో అది తప్పు కాదు, ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.
పలాస గారూ, మీరు చెప్పిన చరిత్రను నేను కాదనడం లేదు. కాని మీ లెక్కలో మగవాళ్ళే ఉన్నారు. ఆస్టిన్ మేనత్త ఫిలడెల్ఫియా సంగతి వినండి. తల్లిదండ్రులు లేరు, కట్నానికి డబ్బు లేదు. 1752లో ఓడెక్కి మద్రాసు వచ్చి, మరుసటి ఏడు కడలూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు హాంకాక్‌ను పెళ్ళాడింది. పెళ్ళికొడుకు కోసం అన్ని నెలలు సముద్రం మీద ప్రయాణించిన ఆ పిల్ల దోపిడీదారా, సరుకా? ఆ కాలంలో ఇంగ్లండు సామాన్య చట్టం (కామన్ లా) ప్రకారం పెళ్ళైన స్త్రీ చేతి సొమ్ము భర్తదే. దాన్ని సరిదిద్దిన చట్టాలు 1870లో, 1882లో గాని రాలేదు. నేను చదివే నవలలు ఆ ఇరుకులో చిక్కుకున్న ఆడవాళ్ళ కథలు.

పలాస_పాఠకుడు:
ఫిలడెల్ఫియా ఓడ ఎక్కడికి వచ్చింది? కంపెనీ డబ్బు ఉన్న చోటికే కదా. ఆమె బిడ్డకు జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్) ఉన్న పెద్దమనిషి, తర్వాత బెంగాల్ గవర్నర్ జనరల్ అయిన వారెన్ హేస్టింగ్స్. మీ ఉదాహరణ నా వాదనకే పనికివస్తుంది. ఆడవాళ్ళు పొద్దుపోక చదువుకొనే నవలలకు ఇంత చరిత్ర అద్దవలసిన పని లేదు. కాలక్షేపానికి చదువుతున్నామని చెబితే నాకు ఏ పేచీ ఉండేది కాదు.

బందరు_మాస్టారు:
వారి ఆచారమని వదిలివేస్తే సరిపోదు. మేనరికమని రాసిన సమీక్షకులైనా దిద్దుకోవాలి గదా.

సంపెంగ:
పొద్దుపోక చదివేవి అన్నారు గనుక ఇక దాపరికం ఎందుకు. నాకు 1983లో పెళ్ళయింది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది, అప్పటికే పెళ్ళైన కూతుళ్ళకు అది వర్తించలేదు. మా చెల్లెలికి అప్పటికి పెళ్ళి కాలేదు. పీటల మీద కూర్చోవడానికి ముందురోజు దాని చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించారు. పసుపు కుంకుమల కింద ఇచ్చింది చాలునన్నారు. మేము పుట్టిన ఇంట్లో ఇప్పుడు మేము చుట్టాలం. బెన్నెట్ గారి పెద్దమ్మాయిలు కాలిన్స్ ముందు మర్యాదగా కూర్చున్న ఘట్టం చదివినప్పుడు నాకు పొద్దుపోవడం కాదు, ఒళ్ళు మండుతుంది. వారి నేస్తం, ఇరవయ్యేడేళ్ళ షార్లట్ ఒక ఇంటి కోసం ఆ కాలిన్స్‌నే కట్టుకొంటే ఆమెను తప్పుపట్టలేకపోయాను. ఏ పుస్తకం చదివితే దేశానికి గౌరవమో చెప్పే మగవాళ్ళను నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. వారపత్రికల్లో తెలుగు సీరియళ్ళు చదివిన రోజుల్లోనూ ఇదే మాట అన్నారు, అప్పుడు డ్యూకులు లేరు.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు తగ్గించవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.

పలాస_పాఠకుడు:
మీ ఇంటి సంగతి విని బాధపడ్డాను, అయినా నా మాట వెనక్కి తీసుకోను. ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి శాశ్వత పైసలా (శిస్తును శాశ్వతంగా ఖరారు చేసిన ఏర్పాటు) అమలుచేసి జమీందారీలను కాయం చేసినప్పుడు మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్, ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్ కొడుకు. ఆయన భార్య హెన్రియెట్టా వేల్సులోని పోవిస్ ప్రభువంశపు ఆడపడుచు. 1804లో ఆయనే ఎర్ల్ ఆఫ్ పోవిస్ అయ్యాడు, ఆ కుటుంబపు ఆస్తి కోసం వారి పెద్దకొడుకు 1807లో క్లైవ్ పేరు వదిలి హెర్బర్ట్ అయ్యాడు. టిప్పు సుల్తాను డేరా నేటికీ వారి పోవిస్ కోటలోనే ఉంది. మీ నవలల్లో నాయకుడిగా నిలబెట్టడానికి సరిగ్గా సరిపోయే కుటుంబం. ఆ పైసలా నీడలో మా తాత శిస్తు బకాయిపడి దివాణం ముందు చెప్పులు చేతబట్టుకొని ఎండలో నిలబడ్డాడు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా మా ఊరివాళ్ళు అలాగే బతికారు. ఇంగ్లండు కావచ్చు, శ్రీకాకుళం కావచ్చు, కోటలో ఉన్నవాడు మంచివాడని, ప్రేమించదగినవాడని ఏ పుస్తకమైనా చెబితే నేను సహించలేను. నా అభ్యంతరం ఆడవాళ్ళ చదువు మీద కాదు.

సంపెంగ:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే, ఆడవాళ్ళ కాలక్షేపం మధ్యలోకి వచ్చేది కాదు. మీ తాతగారు నిలబడిన ముంగిలిని నేను చులకన చేయను. అయితే ఆ దివాణంలో పుట్టిన ఆడపిల్లల పేరున సెంటు భూమి ఉండేదా?

పలాస_పాఠకుడు:
కొడుకులు లేని చోట భర్త పోయాక జమీ ఏలిన జమీందారిణులు ఉన్నారు. వారూ శిస్తు వసూలు చేశారు, జప్తులు చేయించారు. అలాంటి ఆమె కథ వస్తే మీరు ఆమె పక్షమేనా?

సంపెంగ:
ఆమె పక్షమో కాదో చదివాక చెబుతాను. ముందు చదవనివ్వండి. బృందంలో తీయించిన ఆ నవలను ఈ నెల నేను ఒక్కదాన్నే చదువుతున్నాను, ఎవరైనా కలిస్తే సంతోషం.