ముందు అద్దం మీద వైపర్ గీతలు: సీరియం పౌడర్‌తో పోతాయా?

పాతబండి
కారుకు 14 ఏళ్లు. పగలు అద్దం బాగానే ఉంటుంది. రాత్రి ఎదురుగా లైట్లు పడ్డాయంటే సాలెగూడే, అన్నీ గుండ్రటి సన్న గీతలు. పైగా డ్రైవర్ వైపు వైపర్ గీసిన పెద్ద చార ఒకటి. గాజుకు పాలిష్ పెట్టే సీరియం ఆక్సైడ్ పౌడర్, దాన్ని రుద్దే ఫెల్ట్ ప్యాడ్ తెప్పించాను. ప్యాడ్ తిప్పడానికి మామూలు డ్రిల్ సరిపోతుందా? ఎంతసేపు పడుతుంది? అంచు రబ్బరు పాడవుతుందా?

గోరుపరీక్ష
చారకు అడ్డంగా గోరు పెట్టి లాగండి. గోరు అందులో తట్టుకుంటే ఆ చారను ముట్టుకోకండి. నేను వినలేదు, ఒక్క చార మీదే రెండు గంటలు కూర్చున్నా. చార పోయింది, గుంట మిగిలింది. ఇప్పుడు అందులోంచి చూస్తే కరెంటు స్తంభాలు నడుం వంచి దండం పెడుతున్నాయి.

అద్దాలమేస్త్రి
ఒక్కచోటే రుద్దితే గుంట పడక గుట్ట పడుతుందా? చార చుట్టూ జానెడు మేర కలుపుకుంటూ పోవాలి. ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది. చేతకాక చేసి పౌడర్‌ని తిడితే ఎలా అన్నా?

గోరుపరీక్ష
జానెడు మేర రుద్దినా అరిగేది గాజే కదా మేస్త్రీ! గుంట వెడల్పవుతుంది, అంతే. మీరు చేసిన అద్దంతో రాత్రిపూట మీరెప్పుడైనా బండి నడిపారా?

అద్దాలమేస్త్రి
నా దగ్గరికి ఒక్కరూ ఫిర్యాదుతో తిరిగి రాలేదు.

గోరుపరీక్ష
రారు. కొత్త అద్దం వేయించుకోడానికి ఇంకో చోటికి పోయుంటారు.

చేతిపని
టూత్‌పేస్ట్‌తో పోతాయంటున్నారు, నిజమేనా?

నీళ్లసీసా
మీ గుంటల గొడవ తర్వాత, ముందు వేడి సంగతి చూడండి. నా ప్యాడ్ ఆరిపోయింది, నేను గమనించలేదు, ఇంకాస్త నొక్కాను. కింద మూల ఎప్పుడో రాయి తగిలిన చిన్న దెబ్బ ఉంది. అక్కణ్ణుంచి చిటుక్‌మని పగులు మొదలై నా కళ్లముందే సగం అద్దం దాటింది. చివరికి అద్దమే మార్పించాను. చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి, గోరువెచ్చన దాటితే ఆపేయాలి. నీళ్లు ధారాళంగా కొట్టండి.

అద్దాలమేస్త్రి
ధారాళంగా కొడితే పౌడరంతా కొట్టుకుపోతుంది, ఇక ఉత్త ప్యాడ్‌తో రుద్దుకోవాలి. పౌడర్ కలిపిన నీళ్లు సున్నం నీళ్లంత చిక్కగా ఉండాలి, ఆరబోతుంటే తుంపర చాలు. దెబ్బ ఉన్న అద్దానికి పాలిష్ పెట్టడం మీ తప్పు.

నీళ్లసీసా
తప్పేనయ్యా. అందుకేగా రాసింది!

వానకారు
వైపర్లు మార్చకుండా పాలిష్ పెట్టడమంత దండగ పని లేదు. దుమ్ము పట్టిన పొడి అద్దం మీద వైపర్ వేస్తే గీతలే. నీళ్లు చిమ్మి, తడిశాక వేయాలి. ఇంతకీ కొత్త బ్లేడ్లు వేసినా నాది కిర్రుమంటోంది, ఎందుకో?

రెండుసాయంత్రాలు
నాకు సన్న గీతలు పూర్తిగా పోయాయి. డ్రైవర్ ముందు భాగం వరకే, రెండు సాయంత్రాలు పట్టింది. లోపలి వైపు టేపు అంటించి గుర్తు పెట్టుకున్నా, లేకపోతే ఎక్కడ రుద్దానో నాకే తెలిసేది కాదు. పెయింటుకు వాడే కాంపౌండ్‌తో ముందు ఒక పూటంతా రుద్దాను, గాజు చెక్కు చెదరలేదు. డ్రిల్ అరచేతి మేరకు పర్లేదు. మొత్తం అద్దమంటే చెయ్యి పడిపోతుంది, పాలిషర్ అరువు తెచ్చుకోండి.

పాతబండి
రబ్బరు సంగతి ఎవరూ చెప్పలేదు. సరే, ఆగలేక పక్క సీటు వైపు ఒక మూల మొదలుపెట్టాను. అక్కడ గీతలు తగ్గాయి. పౌడర్ చిమ్మి నల్ల బానెట్, వైపర్ల కింది ప్లాస్టిక్, రబ్బరు అన్నీ సున్నం కొట్టినట్టయ్యాయి. ఎండిపోయాక సందుల్లోంచి రావట్లేదు, పాత బ్రష్‌తో గీకుతున్నా. పెద్ద చార జోలికి పోను.

అద్దాలమేస్త్రి
కవరు కప్పుకోవాలని కూడా చెప్పాలా?

వానకారు
కిర్రుమనే సంగతి?