బోరు నీళ్లకి ఏ షాంపూ వాడాలి? చుండ్రు, చిక్కులు, రాలడం అన్నీ ఒకేసారి మొదలయ్యాయి

గోదారి పిల్ల:
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను, నిజాంపేటలో ఉంటున్నాం. ఇక్కడ స్నానానికీ బట్టలకీ బోరు నీళ్లే, ఎండాకాలం వస్తే ట్యాంకర్లు, మంచినీళ్లు వంటగదిలో ఒక్క కుళాయికే వస్తాయి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ జుట్టు గురించి ఆలోచించే పనే పడలేదు. ఇక్కడికొచ్చాక తలస్నానం చేసిన రోజు జుట్టంతా కొబ్బరి పీచులా అయిపోతోంది, దువ్వెన దిగదు, బలవంతంగా దువ్వితే పుంజాలు పుంజాలుగా చేతికొస్తోంది. మాడు దురద, గీరితే గోళ్లలోకి తెల్లగా పొట్టు వస్తుంది. ఉల్లిపాయ షాంపూ వాడాను, సల్ఫేట్ లేనిది వాడాను, చివరికి పిల్లల షాంపూ కూడా వాడాను. ఏది వాడినా మొదటి వారం బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. శనివారం రాత్రి నూనె బాగా పట్టించి ఆదివారం పొద్దున తలంటుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. అమ్మేమో కుంకుడుకాయలు వాడమంటోంది, ఇక్కడ పార్లర్లో అడిగితే జుట్టుని నున్నగా చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకోమన్నారు, అది వేలల్లో ఉంది. నిజంగా పనిచేసే షాంపూ ఒక్కటి చెప్పండి ప్లీజ్, అద్దం చూసుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.

మియాపూర్ అక్క:
చెల్లీ, షాంపూ పేరు చెప్పే ముందు ఒక సంగతి చూడు. రాలిన వెంట్రుకలు కొన్ని తీసుకుని తెల్ల కాగితం మీద పెట్టి చూడు. పొడవుగా ఉండి ఒక చివర తెల్లగా చిన్న గుండు ఉంటే అది కుదురు నుంచి ఊడినట్టు. గుండు లేకుండా పొట్టి పొట్టి ముక్కలుగా ఉంటే తెగిపోతోందన్నమాట. ఈ రెండూ వేరు వేరు సమస్యలు. తెగడం నీళ్ల వల్లా దువ్వడం వల్లా కావచ్చు, దానికి మనం ఇంట్లో చేసుకోగలిగింది చాలా ఉంది. కుదురు నుంచి ఊడితే మాత్రం కారణం ఒంట్లో వెతకాలి, షాంపూ సీసాలో కాదు.

ఇక నీళ్లు. ఇక్కడి బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. మీ గీజర్ రాడ్ మీద, షవర్ చిల్లుల చుట్టూ తెల్లగా గార కడుతుంది చూడు, అదే కొంచెం కొంచెంగా వెంట్రుకల మీద కూడా పేరుకుని గరుకుగా చేస్తుంది. చిక్కులు అందుకే. చాలామంది టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తారు కానీ అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, నీళ్ల కఠినత్వం, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో విడిగా తెలియాలంటే చుక్కల కిట్ కానీ స్ట్రిప్‌లు కానీ కొనాలి. తాగేనీటి కఠినత్వానికి మన దేశంలో పెట్టిన ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు దానికి ఎంత దూరంలో ఉందో చూస్తే నీకే అర్థమవుతుంది.

షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్లకి డబ్బులు పెట్టకు. అవి క్లోరిన్ కొంత తగ్గిస్తాయేమో కానీ కాల్షియాన్ని ఆ చిన్న డబ్బా ఆపలేదు. నిజంగా పనిచేసేది నీళ్లలోని కాల్షియాన్ని తీసేసే, ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్, అది అపార్ట్‌మెంట్ మొత్తానికి పెట్టించుకుంటేనే గిట్టుబాటు, అసోసియేషన్ మీటింగ్‌లో గట్టిగా అడగాల్సిన విషయం అది. అందాకా నేను చేసేది చెప్తాను. తలంటు అంతా బోరు నీళ్లతోనే కానిచ్చి, ఆఖరున మాత్రం వంటగది కుళాయి నీళ్లు ఒక బకెట్ పట్టుకెళ్లి వాటితో జుట్టంతా కడిగేస్తాను. దీనికే సగం తేడా వస్తుంది. అప్పుడప్పుడు, నెలకి ఒకటి రెండు సార్లు, వెనక పదార్థాల పట్టీలో ఈడీటీఏ అని రాసి ఉన్న షాంపూ వాడు, అది కాల్షియాన్ని పట్టి లాగుతుంది. సల్ఫేట్ లేనివి చెడ్డవని కాదు, కానీ నువ్వు రాత్రంతా నూనె పెట్టుకుని పొద్దున అంత మెతక షాంపూతో ఉప్పు నీళ్లలో కడిగితే ఆ జిడ్డు వదలదు, దాని మీదే అన్నీ పేరుకుంటాయి. మొదటి వారం బాగుండి తర్వాత పాడవడానికి ఇదే కారణం అయ్యుండొచ్చు.

కండిషనర్ తప్పకుండా వాడు, మాడుకి కాదు, చెవుల కింద నుంచి కొసల దాకా. తడి జుట్టు మీద సన్న దువ్వెన పెట్టకు, జుట్టు తడిగా ఉన్నప్పుడే బలహీనంగా ఉంటుంది. పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రా.

మందుల షాపు:
అక్క చెప్పినవన్నీ బాగున్నాయి, చుండ్రు సంగతి నేను చెప్తాను, ఈ కౌంటర్ దగ్గర రోజూ వినేదే. చుండ్రు మురికి వల్ల రాదండీ. మన అందరి మాడు మీదా ఉండే మలసీజియా అనే ఈస్ట్ ఉంటుంది, అది మాడు మీది నూనెని తిని బతుకుతుంది, కొందరికి అది పడక చర్మం ఇలా పొట్టు రాలుతుంది. అలాంటప్పుడు మాడుకి నూనె పట్టించి రాత్రంతా ఉంచితే దానికి మేత వేసినట్టే. చుండ్రు తగ్గేవరకు మాడుకి నూనె ఆపండి, కావాలంటే జుట్టు పొడవుకి మాత్రం రాసుకోండి.

కీటోకొనజోల్ 2 శాతం షాంపూ అడగండి, వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. చాలామంది మామూలు షాంపూలా రుద్ది వెంటనే కడిగేసి పనిచేయలేదంటారు. తడి తల మీద వేళ్లతో మాడుకి పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి, అప్పుడే కడగాలి. ఇది జుట్టుని కాస్త పొడిబారుస్తుంది కాబట్టి పొడవుకి కండిషనర్ పెట్టుకోండి. తగ్గాక వారానికో రెండు వారాలకో ఒకసారి వాడితే మళ్లీ రాకుండా ఉంటుంది. ఎర్రగా మందంగా పొలుసులు కట్టినా, చెవుల వెనకా నుదుటి మీదా కూడా ఉన్నా స్కిన్ డాక్టర్‌కి చూపించండి. పక్కింటివాళ్లకి రాసిచ్చిన స్టెరాయిడ్ లోషన్ తెచ్చి పూసుకోకండి, దయచేసి.

కుంకుడు చెట్టు:
అందరూ సీసాల గురించే మాట్లాడుతున్నారు, మీ అమ్మగారు చెప్పింది కూడా వినండి. సబ్బు ఉప్పు నీళ్లలో విరిగిపోయి తెట్టు కడుతుంది, కుంకుడు రసం అలా కట్టదు, దాని నురగ ఇచ్చే పదార్థమే వేరు. పైగా సబ్బులా క్షారం కాదు, కొంచెం పులుపు వైపే ఉంటుంది, వెంట్రుకకి అదే మంచిది. మా ఇంట్లో ఇప్పటికీ ఆదివారాలు ఇదే. కాయలు కొట్టి గింజలు తీసేసి, రాత్రి వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున చేత్తో బాగా పిసికి పలచని గుడ్డలో వడకట్టాలి. గుడ్డ మాత్రం మానకండి, ఆ పిప్పి తలలో ఉండిపోతే దాన్నే చుండ్రు అనుకుంటారు. రసంలో కాస్త గంజి కానీ నాలుగు మందార ఆకులు నలిపి కానీ కలిపితే జారుడుగా ఉండి చిక్కు పడదు. కళ్లల్లో పడితే భగ్గుమంటుంది, తల వెనక్కి వంచి పోసుకోండి. ఏ పూటకి ఆ పూట చేసుకోవడమే మేలు, మిగిలితే పులిసిపోతుంది.

అయితే ఒక మాట. ఇప్పుడు మీకున్నంత చుండ్రుకి కుంకుడుకాయలు చాలవు. ముందు పైన చెప్పిన మందు షాంపూ వాడి తగ్గించుకోండి, తర్వాత దీనికి రండి. కెరాటిన్ జోలికి మాత్రం వెళ్లకండి, వాటిలో చాలావాటిని వేడి చేస్తే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది, అది ఊపిరికి మంచిది కాదు.

గోదారి పిల్ల:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు నాకు. అక్కా, కాగితం మీద పెట్టి చూశాను. రెండు రకాలూ ఉన్నాయి, కానీ గుండు ఉన్నవే ఎక్కువ. దసరా ముందు డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉన్నాను, రాలడం సంక్రాంతి దగ్గర్నుంచి బాగా ఎక్కువైంది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా? బయోటిన్ అనే విటమిన్ మాత్రలు కూడా మొదలుపెట్టాను.

లండన్ తెలుగు:
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. నీళ్ల సంగతి హైదరాబాద్‌ది మాత్రమే కాదు, లండన్ కుళాయి నీళ్లు కూడా సుద్దరాయి నేల నుంచి వచ్చేవే, కెటిల్ లోపల తెల్లగా గార కడుతుంది. ఇక్కడ మా తెలుగువాళ్లం చాలామంది ఆఖరి కడుగుడుకి ఫిల్టర్ జగ్గు నీళ్లే వాడతాం. జుట్టు మెత్తబడుతుంది కానీ రాలడం దాంతో ఆగదు, అది గుర్తుపెట్టుకోండి.

మియాపూర్ అక్క:
సంబంధం ఉంది చెల్లీ, అసలు విషయం అదే అనిపిస్తోంది. డెంగీ, టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం వచ్చినా, కాన్పు అయినా, ఉన్నట్టుండి తిండి తగ్గించినా, చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం ఆపి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి, రెండు మూడు నెలల తర్వాత రాలడం మొదలవుతుంది. అందుకే జ్వరం గుర్తుకు రాదు, అప్పుడు వాడుతున్న షాంపూ మీదకి, నీళ్ల మీదకి పోతుంది అనుమానం. మామూలుగా ఇది ఆరు నెలల్లోపు దానంతట అదే తగ్గుతుంది, తగ్గేటప్పుడు ఏ సీసా చేతిలో ఉంటే దానికే పేరొస్తుంది. కుదుళ్లు చచ్చిపోవు, మళ్లీ వస్తుంది, కాకపోతే జుట్టు నెలకి సెంటీమీటరు చొప్పునే పెరుగుతుంది కాబట్టి ఆ తేడా కనపడటానికి టైమ్ పడుతుంది. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం ఎవరికైనా మామూలే, వారానికి ఒక్కసారే తలంటుకుంటే ఆ వారం మొత్తానివీ ఒకేరోజు కనపడి గుండె ఝల్లుమంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) రెండూ చూపించుకో. హిమోగ్లోబిన్ బాగుందని వదిలేయకు, అది బాగున్నా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. బయోటిన్ వేసుకుంటున్నట్టు డాక్టర్‌కీ ల్యాబ్‌లోనూ తప్పకుండా చెప్పు, అది థైరాయిడ్ రిపోర్టుని తప్పుగా చూపించగలదు, రెండు మూడు రోజుల ముందే ఆపమంటారు. పాపిట వెడల్పవుతున్నా, ఎక్కడైనా గుండ్రంగా ఊడి నున్నగా కనిపించినా ఆలస్యం చేయకు. గుడ్డు, పప్పు, ఆకుకూర రోజూ తిను, జ్వరం తర్వాత సరిగ్గా తినకపోతే రాలడం ఇంకా సాగుతుంది. రిపోర్టులు వచ్చాక ఇక్కడే పెట్టు, చూస్తాం.