రిటైరయ్యాక డబ్బుంది గానీ ఖర్చు పెట్టడానికి చేయి రావడం లేదు, మీకూ ఇంతేనా?

కావలి లెక్కల మాస్టారు:
జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రెండేళ్ల కింద, 62 నిండాక రిటైరయ్యాను. కమ్యుటేషన్ కోత (పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒకేసారి తీసుకున్నందుకు పట్టేది) పోను వచ్చే పెన్షన్‌తో ఇల్లు గడిచి ఇంకా ఏడెనిమిది వేలు మిగులుతోంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, లీవు డబ్బులు విడతలు విడతలుగా వచ్చి మొత్తం 38 లక్షలయ్యాయి, అంతా ఒకే బ్యాంకులో ఫిక్స్‌డ్ వేశాను, వడ్డీ కూడా అసల్లోనే కలిసేలా. సొంతిల్లు, అప్పు లేదు, అమ్మాయి పెళ్లయింది, అబ్బాయి బెంగళూరులో స్థిరపడ్డాడు.

మరి ఇబ్బందేందంటే, మొన్న ఆదివారం బజారుకెళ్తే బొమ్మిడాయలు వచ్చాయి, గంపలో ఇంకా కదులుతూ ఉన్నాయి, మా ఆవిడకు మహా ఇష్టం. ధర విని, బేరం కూడా ఆడకుండా పక్కకు జరిగి శీలావతి తెచ్చాను. ఆమె ఏమీ అనలేదు, మామిడికాయ ముక్కలు రెండు ఎక్కువేసి పులుసు పెట్టింది. నాకే గొంతు దిగలేదు.

ఇంకోటి. మా బంధువొకాయన రొయ్యల గుంటలకు పది లక్షలు అడుగుతున్నాడు, రెండు రూపాయల వడ్డీ ఇస్తానంటున్నాడు. నెలకు 20 వేలు చేతికొస్తే అప్పుడన్నా ధైర్యంగా ఖర్చు పెడతానేమోనని ఆశ. ఇవ్వచ్చంటారా?

అల్లూరు గట్టు:
మాస్టారూ, ఇవ్వొద్దు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, లెక్కలు చెప్పినవాళ్లు మీకు నేను చెప్పాలా? అంత వడ్డీ కట్టి గుంట నడిపేవాడికి బ్యాంకు ఎందుకివ్వలేదో ముందు అడగండి. నాకు నాలుగెకరాల గుంటలున్నాయి కాబట్టే చెప్తున్నా, రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వచ్చిందంటే సీడూ మేతా కరెంటు బిల్లూ అన్నీ నీళ్లలోనే, పెరగని సరుకు పట్టేసి ఆ సైజుకు ఎంత పలికితే అంతకు తోలేయాల్సిందే. 2025లో అమెరికా వాడు మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు మేం పడ్డ టెన్షన్ మాకు తెలుసు. అంతకు చాలా ఏళ్ల ముందే మా బావ ఇలాగే ఒకాయనకు నాలుగు లక్షలు అప్పిచ్చి రాయించుకున్న నోటు ఇప్పటికీ బీరువాలో ఉంది. ప్రోనోటుకు మూడేళ్లే గడువు, ఈలోపు ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకోవాలి, మొహమాటానికి పోయి ఆయన అది చేయలేదు. ఇప్పుడు పెళ్లిళ్లలో ఎదురుపడితే ఆ బాకీ ఉన్నాయనే దర్జాగా పలకరిస్తాడు, మా బావ తల తిప్పుకుంటాడు.

ఒంగోలు పోస్టాఫీసు (రిటైర్డ్):
పైన గట్టు గారు చెప్పింది నిజం. మాస్టారు గారూ, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో ఒకరికి 30 లక్షల దాకా పెట్టొచ్చు, ఇప్పుడు 8.2 శాతం. 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. మీ బంధువు ఇస్తానన్న ఇరవై వేలు ఇక్కడే ఉన్నాయి, కాకపోతే మనిషి చుట్టూ తిరగక్కర్లేదు. ఐదేళ్ల గడువు, తర్వాత మూడేళ్లు పొడిగించుకోవచ్చు. ఏడాది దాటకుండా తీస్తే వడ్డీ దక్కదు, రెండేళ్ల లోపైతే అసల్లో ఒకటిన్నర శాతం, ఆ తర్వాత ఒక శాతం కోస్తారు, అందుకని ఆసుపత్రి డబ్బు విడిగా పెట్టుకోండి. హెల్త్ కార్డున్నా ముందు మీరు కట్టండి, తర్వాత బిల్లు పెట్టుకోండి అనే ఆసుపత్రులు ఉన్నాయి, నాకే జరిగింది.

అంతా ఒకే బ్యాంకులో ఉంచడం మాత్రం మంచిది కాదు. బ్యాంకు మునిగితే బీమా మనిషికి 5 లక్షల వరకే. ఫిక్స్‌డ్‌లు ఇప్పుడే పగలగొట్టకుండా గడువు తీరినవి తీరినట్టు మార్చుకోండి.

నెల్లూరు పెద్దమ్మ:
తమ్ముడూ, మా ఆయనా అచ్చం నీలాగే. హాల్లో ఏసీ పెట్టించి, దుమ్ము పడుతుందని పాత దుప్పటి కప్పి మూడేళ్లు ఉంచాడు. మనవడు వచ్చినప్పుడే ఆ దుప్పటి తీసేది, వాడి బస్సు కదలగానే మళ్లీ కప్పేది. నెల్లూరు ఎండలు తెలుసుగా నీకు. ఆయన పోయాక బీరువా తీస్తే పదకొండు ఫిక్స్‌డ్ రసీదులు, అందులో ఒకదానికి నామినీ లేదు, ఆ ఒక్కదానికి కాగితాలు పట్టుకుని ఐదు నెలలు తిరిగా. ముందు నీవి అన్నీ తీసి నామినీ ఉందో లేదో చూసుకో.

నేనేం చేశానంటే, స్కీం వడ్డీ పడడానికి వేరే పాస్‌బుక్ తెరిచా. ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరి ఒకటిన పడుతుంది. మళ్లీ పడేలోగా అందులో వెయ్యికి మించి మిగలకూడదని నాకు నేనే పెట్టుకున్న రూలు. మొదటి మూడు నెలలూ కష్టమైంది, సగం అలాగే ఉండిపోయింది, వదినా నేనూ రామేశ్వరం టికెట్లు తీసి ఖాళీ చేశాం! అసలు సొమ్ము జోలికి వెళ్లను కాబట్టి భయం లేదు. నీ వడ్డీ నీ కంటికే కనిపించకుండా అసల్లో కలుస్తుంటే చేయి ఎట్లా వస్తుంది?

ఒంగోలు పోస్టాఫీసు (రిటైర్డ్):
అమ్మగారి పాస్‌బుక్ పద్ధతి బాగుంది. మాస్టారూ, పన్ను భయం వద్దు, కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు, వడ్డీలోంచి ముందే పన్ను (టీడీఎస్) పట్టకుండా ఏటా ముందే ఫారం ఇవ్వడం మర్చిపోకండి.

కావలి లెక్కల మాస్టారు:
అందరికీ ధన్యవాదాలు. రసీదులన్నీ మంచం మీద పరిచి చూశాం, రెండింటికి పాత ఖాతాలోని నామినీ పేరే పడింది, మా అమ్మది, ఆమె పోయి తొమ్మిదేళ్లు! సోమవారం బ్యాంకుకెళ్తున్నా. బంధువుకు లేవని చెప్పేశాను, ఉన్నాయని ఆయనకు తెలుసు, ఫోన్ పెట్టేశాడు. స్కీం డబ్బు మార్చిలో మొదటి ఫిక్స్‌డ్ తీరగానే మొదలుపెడతాను. ఇదంతా మా ఆవిడకు చదివి వినిపిస్తే పెద్దమ్మ గారి ఏసీ దుప్పటి దగ్గర ఒకటే నవ్వు. ఈ ఆదివారం బజారుకు తనే వెళ్తుందట, పర్సు ఇప్పటికే తీసి తన దగ్గర పెట్టుకుంది.