స్థిర కెమెరా, ట్యాంక్ కంట్రోల్స్: భయానికి ఆయువుపట్టా, పాత రోజుల మీద మోజా?

నీలిదీపం

ఈ మాట ఒకసారి తేల్చుకుందామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. చిన్న బృందాలు సొంతంగా చేసే ఇండీ సర్వైవల్ హారర్ (భయపెట్టే) వీడియో గేము ఏది వచ్చినా, వెనకే ఒక ఫిర్యాదు వస్తుంది. కెమెరాను గది మూలలో మేకు కొట్టి బిగించడం ఎందుకు, మనిషిని ట్యాంకు తిప్పినట్టు తిప్పడం ఎందుకు, ఇదంతా పాత ప్లేస్టేషన్ మీద మోజు కాదా అని. 2021లో వచ్చిన టార్మెంటెడ్ సోల్స్, అలీసా దగ్గరి నుంచి 2025 నాటి హార్ట్‌వార్మ్ దాకా ఇదే వరస.

కొత్తవారి కోసం ఒక ముక్క. ట్యాంక్ కంట్రోల్స్‌లో పైకి నొక్కితే పాత్ర తాను చూస్తున్న వైపు నడుస్తుంది. ఎడమ, కుడి నొక్కితే నిలుచున్న చోటే తిరుగుతుంది. కిందికి నొక్కితే వెనక్కి అడుగులు వేస్తుంది. తెర మీద ఆమె ఎటు తిరిగి కనిపిస్తున్నా ఈ లెక్క మారదు.

నా వాదన సూటిగా చెబుతాను. స్థిర కెమెరా తీసేస్తే ఈ గేముల్లో భయం సగం పోతుంది. భుజం వెనక కెమెరా ఉంటే, మూల తిరిగే ముందే దాన్ని పక్కకు తిప్పి అవతల ఏముందో తొంగి చూస్తాను. స్థిర కెమెరాలో ఆ తొంగిచూపు నా చేతిలో ఉండదు. టార్మెంటెడ్ సోల్స్‌లో కథానాయిక కారొలిన్ చీకట్లో ఎక్కువసేపు నిలబడితే చనిపోతుంది. లైటర్ పట్టుకున్న చేత్తో ఆయుధం పట్టుకోలేదు. లైటర్ వెలుగు ఆమె చుట్టూ కొద్ది మేరే పడుతుంది. ఆ గుండ్రటి వెలుగులో నేను నిలబడి ఉండగా, కెమెరా చూపించని వైపు నుంచి శత్రువు చక్రాల కుర్చీ కిర్రుమంటుంది. ఆయుధం తీయాలంటే ముందు దీపమున్న చోటికి చేరాలి. ఆ దీపం కెమెరాకు ఇవతల ఉందా, అవతలా? ఆ క్షణంలో నా అరచేతులు చెమటలు పట్టాయి. కెమెరాను తిప్పి చూసే వీలుంటే ఈ ప్రశ్నే పుట్టదు.

తలుపుచాటు

నీలిదీపం గారూ, మీరు భయం అంటున్నదాన్ని నేను మోసం అంటాను.

ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో మరచిపోకూడదు. 1992లో అలోన్ ఇన్ ద డార్క్ గీసిన నేపథ్యాల మీద పాలిగాన్ (చదునైన ముక్కలతో కట్టిన త్రీడీ) బొమ్మలను నడిపించింది. 1996లో రెసిడెంట్ ఈవిల్ అదే దారి పట్టింది. ప్లేస్టేషన్‌కు ఉన్న ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు. గదిని ముందే బొమ్మగా తయారుచేసి పెట్టుకుంటే యంత్రం శక్తి అంతా పాత్రలకు మిగులుతుంది. బొమ్మ ఒక కోణానికే పనికొస్తుంది కాబట్టి కెమెరా కదలదు. ఆ కన్సోల్‌తో మొదట వచ్చిన కంట్రోలర్‌కు బొటనవేలితో ఎటైనా తోసే అనలాగ్ స్టిక్కులే లేవు. అంటే ఇవన్నీ ఇరుకులోంచి వచ్చినవి. ఇరుకు తీరాక కూడా వంగి నడవాలా?

ఇక మోసం సంగతి. కథానాయిక కళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఎదురుగా రెండు బారల దూరంలో రాక్షసి ఉంటే ఆమెకు కనిపించదా? కనిపిస్తుంది. కనిపించనిది నాకే, ఎందుకంటే కెమెరా ఆమె ముఖం వైపు తిరిగి ఉంది. ఒక గేములో ఇలాగే నడవా మలుపులో చచ్చి 40 నిమిషాల ఆట పోగొట్టుకున్నాను. నేను చేసిన తప్పేమిటో ఇప్పటికీ తెలియదు. తప్పు తెలియని చావు భయపెట్టదు, విసుగు పుట్టిస్తుంది.

పాతపెట్టె

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఒక్క పూట ఓపిక పడితే ట్యాంక్ కంట్రోల్స్ చేతికి అలవాటవుతాయి. కెమెరా ఎన్నిసార్లు మారినా పైకి అంటే ముందుకే. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి మరొకటి చూపించండి. స్టిక్కు ఎటు తోస్తే అటు నడిచే కొత్త పద్ధతిలో కెమెరా మారగానే దిక్కులు తారుమారవుతాయి, అప్పుడు తెలుస్తుంది.

తలుపుచాటు

పాతపెట్టె గారూ, మద్దెల సంగతి నాకు కొత్త కాదు. 1999 నాటి సైలెంట్ హిల్‌ను చివరిదాకా ఆడినవాణ్ణి. అందుకే చెబుతున్నాను. ఆ గేములో పొగమంచు ఉంది, ఇబ్బంది పెట్టే కెమెరా కోణాలున్నాయి. వాటితోపాటు ఒక చిన్న రేడియో ఇచ్చారు. ఏదైనా దగ్గరికి వస్తే అది గరగరమంటుంది. కెమెరా దాచినదాన్ని రేడియో చెబుతుంది. ఎటువైపు అన్నది మాత్రం చెప్పదు. అక్కడ నేను చచ్చినా నా తప్పు నాకు తెలిసేది.

ఇప్పటి ఇండీ గేములు చాలావరకు పాత కెమెరాను తెచ్చుకున్నాయి, రేడియోను అక్కడే వదిలేశాయి. నా కోపం దాని మీద. స్థిర కెమెరా ఉంటే చాలు భయం దానంతటదే వస్తుందని నమ్మేవారి మీద.

ఒంటిచేతిపని

నేను ఒక్కడినే కూర్చుని ఇలాంటి గేము ఒకటి తయారుచేస్తున్నాను. పని చేసేవాడి వైపు నుంచి నాలుగు మాటలు.

ఒంటరిగా పనిచేసేవారికి స్థిర కెమెరా వరమే. కెమెరా చూడని గోడను నేను కట్టనక్కర్లేదు. ఒక్కో కోణానికి దీపాలు విడిగా అమర్చుకోవచ్చు. తాళంచెవి మీద చిన్న మెరుపు పడాలంటే ఆ కోణంలో మాత్రమే పడేలా చేస్తాను. అలీసాను చాలావరకు ఒక్క మనిషే తయారుచేశాడంటే ఈ పద్ధతి చేసిన మేలు తక్కువేమీ కాదు.

కానీ కెమెరా పెట్టడం తేలిక అనుకుంటే పొరపాటే. నా మొదటి నడవాలో రెండు కోణాల మధ్య సరిహద్దు ఒక్క గీతే. శత్రువు తరుముతుంటే ఆటగాడు ఆ గీత దాటాడు, కెమెరా మారింది, కంగారులో వేలు వెనక్కి జారింది, మళ్లీ గీత ఇవతలికి, మళ్లీ అవతలికి. తెర రెపరెపలాడుతుండగా శత్రువు వచ్చి పట్టుకుంది. మా స్నేహితుడు కంట్రోలర్ కింద పెట్టి లేచిపోయాడు. అది నా తప్పు, అతనిది కాదు. ఇప్పుడు రెండు గీతలు పెడుతున్నాను. వెళ్లేటప్పుడు దూరపు గీత దాటితేనే కెమెరా మారుతుంది, తిరిగి వచ్చేటప్పుడు దగ్గరి గీత దాటితేనే పాత కోణం వస్తుంది. మధ్యలో రెండడుగుల మేర ఎటు కదిలినా ఏమీ మారదు.

పాతపెట్టె గారు చెప్పిన తారుమారుకు కూడా మందు ఉంది. రెసిడెంట్ ఈవిల్‌ను మెరుగుపరిచిన 2015 నాటి హెచ్‌డీ రీమాస్టర్‌లో స్టిక్కును వదలకుండా పట్టుకుంటే, కెమెరా మారినా పాత్ర పాత దిక్కులోనే సాగుతుంది. వదిలి మళ్లీ తోస్తేనే కొత్త కోణం లెక్కలోకి వస్తుంది. నేనూ అదే వాడుతున్నాను. దానికి తోడు, ఒక కోణంలో తెర కుడివైపు నడిచే మనిషి తర్వాతి కోణంలో ఎడమవైపు నడవకుండా వీలైనంత చూసుకుంటాను. ఎప్పుడైనా కావాలని తప్పుతాను, ఆటగాడికి దారి తప్పిన భావన కలగాలనుకున్నప్పుడు మాత్రమే.

తలుపుచాటు గారి రేడియో మాట నా గోడ మీద రాసి పెట్టుకున్నాను. ఇప్పుడు నా గేములో తెర బయట ఉన్న ప్రతి శత్రువుకూ అడుగుల చప్పుడు ఉంది. చెక్క మీద ఒకలా, గచ్చు మీద ఒకలా.

నెమ్మది

చర్చలో ఎవరూ అనని విషయం ఒకటి చెబుతాను. నా కుడిచేతి బొటనవేలికి దెబ్బ తగిలినప్పటి నుంచి కెమెరాను తిప్పే రెండో స్టిక్కు వాడలేను. భుజం వెనక కెమెరా ఉన్న గేములన్నీ నాకు మూతపడ్డాయి. ట్యాంక్ కంట్రోల్స్ ఉన్న గేముకు ఎడమచేత్తో డి-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్), కుడిచేత్తో ఒకటి రెండు బటన్లు చాలు. కెమెరాను తిప్పే బాధ్యత నాది కాదు. వీటిని పాతబడినవని తీసేయమనేవారు నన్ను కూడా లెక్కలోకి తీసుకోండి. కొత్త పద్ధతి పెట్టండి, పాతది మాత్రం ఉంచండి.

నీలిదీపం

నెమ్మది గారూ, ఈ కోణం నాకు తట్టనే లేదు. రాసినందుకు కృతజ్ఞతలు. టార్మెంటెడ్ సోల్స్‌లో డి-ప్యాడ్ పట్టుకుంటే ట్యాంక్ పద్ధతి, స్టిక్కు పట్టుకుంటే కొత్త పద్ధతి. సెట్టింగులలోకి వెళ్లే పనే లేదు. ఇంతకాలం దాన్ని రాజీ అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కంట్రోల్స్ విషయంలో ఎంపిక ఉండాల్సిందే.

కెమెరా విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. 2024లో వచ్చిన క్రో కంట్రీ నాకు ఎంతో ఇష్టమైన గేము. పాడుబడిన వినోద పార్కు, దాని చిక్కుముడులు, పాత బొమ్మల్లాంటి పాత్రలు, అన్నీ ముద్దుగా ఉంటాయి. అయితే అందులో కెమెరాను చుట్టూ తిప్పుకోవచ్చు. గదిలోకి వెళ్లగానే ఒక చుట్టు తిప్పేదాన్ని, నాలుగు మూలలూ చూసేసేదాన్ని, తర్వాత నింపాదిగా వెతుక్కునేదాన్ని. ఆ గేములో ఆశ్చర్యపోయాను, బాధపడ్డాను కూడా. భయపడింది తక్కువ.

దీనికి ఎదురుగా రెసిడెంట్ ఈవిల్‌లో కుక్కల నడవాను పెట్టి చూడండి. 1996లో కిటికీ అద్దం పగలగొట్టుకుని కుక్క లోపలికి దూకుతుంది. 2002 రీమేక్‌లో మొదటిసారి అదే చోట అద్దం పగుళ్లు ఇచ్చి ఊరుకుంటుంది. పాత గేము ఆడినవారు అక్కడ ఆగిపోతారు, కుక్క రాదు. తర్వాత ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ కిటికీనే చూస్తుంటారు. కెమెరా నా చేతిలో ఉంటే ఆ కిటికీ వైపు తిప్పి, దాని ముందు నుంచి పరుగెత్తి ఉండేదాన్ని. అక్కడ కెమెరా నా మాట వినదు, అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నడవా గుర్తుంది.

తలుపుచాటు

నేను చివరిదాకా ఆడిన కొత్త గేము మాత్రం ఆ క్రో కంట్రీయే. శత్రువులు లేకుండా తిరిగే ఎక్స్‌ప్లొరేషన్ మోడ్ కూడా పెట్టారు. అలాంటి మర్యాద ఈ రకం గేముల్లో అరుదు.

అయినా పాతపెట్టె గారి మాట మీద గౌరవంతో నిన్న రాత్రి టార్మెంటెడ్ సోల్స్ మళ్లీ తెరిచాను. స్టిక్కు ముట్టుకోకుండా డి-ప్యాడ్‌తోనే ఆడాను. మొదటి అరగంట గోడలు గుద్దుకుంటూ తిరిగాను. తర్వాత ఒకచోట కెమెరా వెనక్కి తిరిగింది, నా వేలు కదలలేదు, కారొలిన్ తన దారిన తాను నడిచింది. పాతపెట్టె గారు చెప్పిన నమ్మకం అదేనని అప్పుడు అర్థమైంది. ఆ పద్ధతి మీద నేను అన్నదాంట్లో ఆ భాగం తప్పు.

కానీ కిర్రుమనే చప్పుడు ఎడమవైపు వినిపించి, ఆ కుర్చీ కుడివైపు నుంచి వచ్చింది. పాత్ర చెవులతో వినాలా, కెమెరా ఉన్న చోటి నుంచి వినాలా? ఒంటిచేతిపని గారూ, మీ గేములో అడుగుల చప్పుడును దేన్నిబట్టి లెక్కిస్తున్నారు?

ఒంటిచేతిపని

కెమెరా నుంచే లెక్కిస్తున్నాను. తెర మీద కుడివైపున ఉన్నది కుడి చెవికి వినిపించాలని అలా పెట్టాను. అయితే కెమెరా మారగానే చప్పుడు కూడా ఒక చెవి నుంచి మరో చెవికి గెంతుతోంది. మీరు అడిగేదాకా నేను దాన్ని పట్టించుకోలేదు. ఈ వారం పాత్ర ఉన్న చోటి నుంచి లెక్కించి చూస్తాను, రెండు రకాలూ ఇక్కడ పెడతాను. హెడ్‌ఫోన్లతో విని చెప్పండి.