పాత కార్బురేటర్ కారు: ఎత్తు ఎక్కేటప్పుడు టకటక, పెట్రోల్ మారిస్తే పోతుందా?

పాతబండి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన కారు ఇది, 1988 మోడల్, నాలుగు సిలిండర్లు, కార్బురేటర్, పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి నిప్పు పంచేది). నడుపుతుంటే ఆయన పక్కన కూర్చున్నట్టే ఉంటుంది, అమ్మే ఆలోచన అస్సలు లేదు. సమస్య ఏంటంటే, ఇంజన్ బాగా వేడెక్కాక టాప్ గేర్లో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కితే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు శబ్దం వస్తోంది. కాలు కొంచెం తీస్తే ఆగిపోతుంది, గేరు తగ్గించినా ఆగిపోతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అసలు ఉండదు. మాన్యువల్‌లో కంప్రెషన్ 9:1, పెట్రోల్ 91 రోన్ (ఆక్టేన్ నంబరు) అని ఉంది, అదే పోయిస్తున్నాను. ఒకసారి 95 పోయించి చూశాను, బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. రెండు నెలల కిందట మెకానిక్ టైమింగ్ (ప్లగ్ నిప్పు ఇచ్చే సమయం) చూసి ఐడిలింగ్‌లో 8 డిగ్రీలు, కరెక్ట్‌గానే ఉందన్నాడు. ఇంకొకాయన చూసి ఇంజన్ బోర్‌కొచ్చింది, విప్పాల్సిందే అన్నాడు, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఎప్పటికీ 95తోనే నడిపితే సరిపోతుందా? సీసం లేని పెట్రోల్ కాబట్టి ఏమైనా కలపాలా?

స్పానర్ బాబాయ్:
ముందు టెన్షన్ తగ్గించుకో బాబూ, నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే ఇంజన్ విప్పాల్సిన కేసులా లేదు. పాత బండిలో టకటక అనగానే అందరూ ఒకే మాట అంటారు గానీ శబ్దాలు నాలుగు రకాలు, వాటిని విడదీసి వినాలి. ట్యాపెట్ (వాల్వ్‌ని తెరిచే భాగం) శబ్దం ఐడిలింగ్‌లో కూడా ఉంటుంది, లోడుతో పని లేదు, ఇంజన్ తిరిగే వేగంలో సగం వేగంతో టిక్ టిక్ అంటుంది. పిస్టన్ బోర్‌లో ఆడే శబ్దం పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, వేడెక్కాక తగ్గుతుంది, నీది సరిగ్గా దానికి రివర్స్. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతే సుత్తితో కొట్టినట్టు బరువైన దెబ్బ, న్యూట్రల్‌లో రేజ్ చేసి వదిలేసినా వినిపిస్తుంది, ఆయిల్ ప్రెషర్ కూడా పడిపోతుంది. అది అనుమానం ఉంటే ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ప్లగ్ వైరూ ఇన్సులేటెడ్ ప్లయర్‌తో తీసి ఎర్త్‌కి పెట్టి వినాలి, ఏ సిలిండర్ ఆపితే దెబ్బ మెత్తబడుతుందో బేరింగ్ అక్కడ పోయినట్టు.

నీది వేడి మీద, లోడులో, తక్కువ ఆర్‌పీఎంలో మాత్రమే వస్తోంది, కాలు తీస్తే పోతోంది, ఆక్టేన్ పెంచితే తగ్గింది. ఇది అసలైన నాకింగ్. ప్లగ్ నిప్పు అంటించాక మంట సిలిండర్ అంతా పాకాలి కదా, అది చేరేలోపే మూల మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బకి లేచే ప్రెషర్ అలలే నీకు గులకరాళ్లలా వినిపిస్తున్నాయి. అప్పుడప్పుడూ ఒకటి రెండు సెకన్లు వస్తే ఇంజన్‌కి ఏమీ కాదు. అదే పనిగా గంటలు గంటలు నడిపితే మాత్రం పిస్టన్ అంచులు, రింగుల మధ్య గట్లు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. కారణం దొరికేదాకా ఎత్తులో గేరు తగ్గించి నడుపు.

కార్బ్ పిచ్చి:
బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఇంకో ముక్క కలుపుతాను, దయచేసి 95 పోసి శబ్దాన్ని కప్పేయకండి. 91తో పుట్టిన ఇంజన్ 91తో నాక్ అవుతోందంటే ఎక్కడో ఏదో మారింది, అది వెతకాలి. ఐడిలింగ్‌లో 8 డిగ్రీలు అన్నది సగం కథే. ఎత్తు ఎక్కేటప్పుడు మీ ఇంజన్ ఐడిలింగ్‌లో లేదు కదా, 1,500, 2,000 ఆర్‌పీఎంలో అడ్వాన్స్, అంటే నిప్పు ఎంత ముందుగా పడుతుందన్నది, ఎంత ఉందో ఎవరైనా చూశారా? చాలామంది చూడరు. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల ప్లేట్ కింద రెండు చిన్న బరువులు, వాటిని పట్టుకునే రెండు స్ప్రింగులు ఉంటాయి. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ బరువులు బయటికి తెరుచుకుని నిప్పుని ముందుకి జరుపుతాయి. స్ప్రింగ్ సాగిపోయినా తెగినా, 3,500 దగ్గర రావాల్సిన అడ్వాన్స్ 1,800కే వచ్చేస్తుంది, సరిగ్గా మీకు శబ్దం వచ్చే చోట. వ్యాక్యూమ్ పైపు తీసి మూసి, టైమింగ్ లైట్ (ప్లగ్ నిప్పుతో పాటే మెరిసే లైటు) పెట్టి మెల్లగా రేజ్ చేస్తూ ఇంజన్ మీది టైమింగ్ గుర్తు ఎలా జరుగుతుందో చూడండి, మాన్యువల్‌లో ఉన్న అంకెలతో పోల్చండి.

అక్కడ తేడా లేకపోతే వేడి వైపు వెళ్లండి: థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుంటోందా, రేడియేటర్ మధ్యలో చల్లటి చోట్లు ఉన్నాయా. ఆ తర్వాత కార్బురేటర్ మెయిన్ జెట్‌లో చెత్త, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు, ఎందుకంటే మిశ్రమం పల్చబడితే (పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైతే) వేడి పెరుగుతుంది. నెమ్మదిగా, దగ్గర దగ్గర ప్రయాణాలే చేసిన బండి అయితే పిస్టన్ తల మీద కార్బన్ పేరుకుని కంప్రెషన్ కూడా కాస్త పెరుగుతుంది. ప్లగ్గులు తీసినప్పుడు తెల్ల పింగాణీ మీద భూతద్దం పెట్టి చూడండి, సన్నటి నల్ల చుక్కలో మెరిసే చుక్కలో ఉంటే నాకింగ్ గట్టిగానే కొడుతోందని, ఆ మెరుపు పిస్టన్ అల్యూమినియం అని అర్థం.

వాల్వ్‌సీటు:
పెట్రోల్ గురించి నేను చెప్తాను. ఆక్టేన్ ఎక్కువైతే పికప్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ నంబరు చెప్పేది, పెట్రోల్ తనంతట తాను అంటుకోకుండా ఎంత ఒత్తిడీ వేడీ తట్టుకుంటుందన్నది మాత్రమే. కొత్త కార్లలో నాక్ సెన్సార్ ఉంటుంది, ఆక్టేన్‌ని బట్టి కంప్యూటర్ టైమింగ్ మార్చుకుంటుంది. మీ కారులో ఆ సెన్సార్ మీ చెవే. అన్నీ సరిచేశాక ఎండలో, నిండు లోడులో నాక్ అవకుండా నడిపే అతి తక్కువ నంబరు ఏదో అదే మీ పెట్రోల్. ఇంకొకటి, పంపు మీద అంకె ఏ లెక్కలో ఉందో చూసుకోండి. ఆక్టేన్ కొలిచే పద్ధతులు రెండు, రోన్, మోన్ అని; అమెరికాలో ఆ రెండిటి సగటు రాస్తారు, అక్కడి 87 దాదాపు 91 రోన్‌తో సమానం. ఇది తెలియక కంగారుపడేవాళ్లు ఎక్కువ.

ఇథనాల్ సంగతి వేరే. దాని సొంత ఆక్టేన్ 100 దాటి ఉంటుంది, కాబట్టి నాకింగ్‌కి మంచిదే. కానీ పెట్రోల్ కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 వంతులే చాలు. కంప్యూటర్ ఉన్న బండి సర్దుకుంటుంది, కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, పాత జెట్‌తో మిశ్రమం పల్చబడిపోతుంది. 20 శాతం కలిసిన పెట్రోల్ పోస్తే పికప్‌లో తడబాటు తెలుస్తుంది. ఆ కాలపు రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం ఉబ్బి పగులుతాయి, లీకైతే మంటలే, కాబట్టి పైపులన్నీ ఇథనాల్‌కి పనికొచ్చేవి వేయించండి.

సీసం విషయానికొస్తే, 1921లో నాకింగ్ ఆపడానికే దాన్ని కనిపెట్టి పెట్రోల్‌లో కలిపారు, విషం అని తెలిసినా కార్ల పెట్రోల్‌లో అది ప్రపంచమంతా ఆగేసరికి 2021 వచ్చింది. సీసం వాల్వ్ సీట్లని (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచుల్ని) కూడా కాపాడేది. మీ హెడ్ అల్యూమినియం అయితే సీట్లు విడిగా నొక్కి పెట్టినవే ఉంటాయి, సాధారణంగా ఏమీ కలపక్కర్లేదు. పోత ఇనుము హెడ్ అయితే ఎగ్జాస్ట్ ట్యాపెట్ క్లియరెన్స్ చూస్తూ ఉండండి. సీటు అరిగితే వాల్వ్ పైకి కూరుకుపోయి ఆ సందు తగ్గుతూ వస్తుంది. తగ్గకపోతే సీసాల్లో అమ్మే మందులేవీ వద్దు.

పాతబండి:
అందరికీ చాలా థాంక్స్, ఆదివారం మొత్తం దీనిమీదే కూర్చున్నాను. టైమింగ్ లైట్ పెట్టి రేజ్ చేస్తే 1,600 దాటగానే గుర్తు ఒక్కసారిగా స్కేలు దాటి వెళ్లిపోయింది. డిస్ట్రిబ్యూటర్ తీసి పాయింట్ల ప్లేట్ ఎత్తితే, రెండు స్ప్రింగుల్లో ఒకదాని కొక్కెం తెగి, ఎండిపోయిన గ్రీజులో అతుక్కుని పడి ఉంది. వేలిగోరంత లేదు! దాని కోసం ఇంజన్ విప్పమన్నారంటే బాధేసింది. అదే డిస్ట్రిబ్యూటర్‌కి సరిపోయే జత దొరికింది, రెండూ మార్చి, బరువుల పిన్నులకి సన్నగా ఆయిల్ రాసి, మళ్లీ 8 డిగ్రీలకి పెట్టాను. అదే ఎత్తు, మధ్యాహ్నం ఎండ, నలుగురం, 91 పెట్రోల్, టాప్ గేర్. శబ్దం లేదు. పైన చివర్లో ఒక్కసారి సన్నగా వచ్చినట్టనిపించింది, గేరు తగ్గించాను.

కార్బ్ పిచ్చి:
సూపర్! ఆ చివర్లో వచ్చిన సన్న శబ్దం మామూలే, ఇంకా ఇబ్బందిగా ఉంటే ఒక డిగ్రీ వెనక్కి తెచ్చి చూడండి, అంతకంటే తగ్గించకండి, టైమింగ్ వెనక్కి పోతే ఇంజన్ వేడెక్కుతుంది, పెట్రోల్ తాగుతుంది.

పాతబండి:
అలాగే అన్నా. వాల్వ్‌సీటు గారూ, మాది పోత ఇనుము హెడ్డే. నాన్నగారి సర్వీసు పుస్తకం తీశాను. ప్రతిసారీ రెండు అంకెలు రాశారు, విప్పినప్పుడు ఎంత ఉంది, బిగించాక ఎంత పెట్టారు అని. ఎగ్జాస్ట్ నాలుగూ ప్రతిసారీ 0.25 మిల్లీమీటర్లు పెట్టారు, పదివేల కిలోమీటర్ల తర్వాత చూస్తే 0.24, 0.25. ఈ రోజు నేను చూసినా అంతే ఉంది. ఆయన రాసిన చివరి వరుస కింద నా అంకెలు రాశాను, ఏమీ కలపడం లేదు.