చెవిలో చుక్కలు వేసే ముందు ప్రతిసారీ స్లయిడు చూడవలసిందేనా?

తోక ఊపేవాడి మనిషి (ప్రశ్న)

మా కుక్కకు ఆరేళ్లు, చెవులు కిందికి వేలాడే జాతి. గడచిన పది నెలల్లో దానికి చెవి జబ్బు చేయడం ఇది మూడవసారి. తల విదిలించడం, వెనక కాలితో చెవి గోక్కోవడం, దగ్గరకు తీసుకుంటే పులిసిన వాసన, దొప్ప లోపల గోధుమరంగు జిగురు: అన్నీ పాత లక్షణాలే. మొదటి రెండుసార్లూ చుక్కల మందుతో వారం తిరగకుండానే నెమ్మదించింది, ఆ సీసాలో ఇంకా సగం మందు మిగిలి ఉంది. ఈసారి చూసిన కొత్త వైద్యురాలు మాత్రం రెండు చెవుల్లోని మురికినీ స్లయిడు మీదికి తీసి సూక్ష్మదర్శినిలో చూడనిదే మందు రాయనన్నారు, పైగా రెండు వారాల తరువాత తీసుకువచ్చి మళ్లీ చూపించమన్నారు. ఆ సీసాలో బాక్టీరియాకు ఒకటి, ఫంగస్‌కు ఒకటి, వాపు తగ్గడానికి ఒకటి, మూడు మందులూ కలిసే ఉన్నాయి. లోపల ఏది ఉన్నా చచ్చేటప్పుడు, ఉన్నది ఏదో తెలుసుకుని చేసేదేమిటన్నది నా సందేహం. ఇది నిజంగా అవసరమా, లేక పద్ధతి కోసం చేసే పద్ధతా?

పాత స్టెతస్కోపు

ఇరవై రెండేళ్లుగా పశువైద్యం చేస్తున్నాను, కాబట్టి నా సమాధానం కొందరికి నచ్చకపోవచ్చు. మొదటిసారి వచ్చిన జబ్బు, నొప్పి లేదు, గోధుమరంగు మైనంలాంటి మురికి, పులిసిన వాసన, కర్ణభేరి చెక్కుచెదరకుండా కనబడుతోంది: ఇలాంటి కుక్కకు నేను స్లయిడు లేకుండానే మందు మొదలుపెడతాను, అందులో తప్పు చేస్తున్నానని అనుకోను. మూడు మందులు కలిపిన చుక్కలు పుట్టిందే ఇలాంటి కేసుల కోసం.

అయితే చెవిలోకి వెలుగు వేసి చూడకుండా మాత్రం ఒక్క చుక్క కూడా వేయను. కుక్క చెవి గొట్టం ముందు నిలువుగా కిందికి దిగి, తరువాత లోపలికి అడ్డంగా మలుపు తిరుగుతుంది, కర్ణభేరి ఆ మలుపుకు అవతల ఉంటుంది. దానికి చిల్లు పడి ఉంటే, పైన హాని చేయని మందే లోపలి చెవికి విషమవుతుంది. జెంటామైసిన్ జాతి మందులు, చెవులు కడిగే కొన్ని ద్రవాలలోని క్లోర్‌హెక్సిడిన్ ఈ కోవలోవి. వినికిడి పోవడం, తల ఒకవైపు వాలిపోవడం, నడక తూలడం దాని ఫలితాలు, పిల్లులలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కనుక మీ సగం సీసా సంగతి నన్ను అడగవద్దు. పది నెలల కిందట తెరిచిన మందును, ఈరోజు ఎలా ఉన్నదో చూడని చెవిలో వేయమని ఏ వైద్యుడూ చెప్పడు.

చర్మం చూసేవాణ్ణి

పై మిత్రుడితో సగం ఏకీభవిస్తాను. మిగతా సగం గురించి వాదించే ముందు, అసలు ఈ పరీక్ష ఎంత చిన్నదో చెప్పాలి. దూది పుల్లను చెవి గొట్టంలో మెల్లగా తిప్పి, ఆ పుల్లను గాజుపలక మీద దొర్లిస్తారు. రుద్దితే కణాలు చితికిపోతాయి కనుక దొర్లించడమే సరి. ఎడమ చెవిది ఒక పక్క, కుడి చెవిది ఒక పక్క. మూడు గిన్నెల రంగులో ఒకదాని తరువాత ఒకటిగా ముంచి, కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి పెద్ద కటకం కింద పెడతారు. ఇంతకూ పట్టేది కొద్ది నిమిషాలు. మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) అయితే నడుము నొక్కుకుపోయిన వేరుశనగ కాయలా, తడి కాలి ముద్రలా ఊదారంగులో కనిపిస్తుంది. ఒకసారి చూసినవారు మరచిపోరు. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా గుండ్రని చుక్కలుగా, జంటలుగానో గుత్తులుగానో ఉంటుంది. ఈ రెంటిలో ఏది కనిపించినా మీ మూడు మందుల చుక్కలు చాలావరకు నెగ్గుకొస్తాయి.

కాని అదే కటకం కింద చీము కణాలు గుంపులు గుంపులుగా, వాటి మధ్య సన్నని పుల్లల వంటి బాక్టీరియా కనిపించాయనుకోండి, కథ అక్కడితో మారిపోతుంది. వాటిలో సూడోమోనాస్ చాలా మొండిది: ఎన్నో మందులకు పుట్టుకతోనే లొంగదు, చుట్టూ జిగురు పొర కట్టుకుని దాక్కుంటుంది, గొట్టంలో పుండ్లు పడేలా చేస్తుంది. దానికి ముందు చెవిని శుభ్రంగా కడగాలి, ఆ జిగురు పొరను వదులు చేసే ద్రవం వాడాలి, మందును ఎంచి వేయాలి. అది తెలియక మామూలు చుక్కలు వేస్తే జరిగేదేమిటంటే, అందులోని స్టెరాయిడ్ వాపునూ దురదనూ తగ్గిస్తుంది, నాలుగో రోజుకు కుక్క తల విదిలించడం మానేస్తుంది, యజమాని సంతోషిస్తాడు, లోపల పుల్లలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. "వారం తిరగకుండానే నెమ్మదించింది" అని మీరు రాసిన మాట దగ్గర నేను ఆగిపోయింది అందుకే. నెమ్మదించింది చెవా, లేక దురద ఒక్కటేనా?

రెండు వారాల తరువాత మళ్లీ చూడమనడమే నా దృష్టిలో అసలు ముఖ్యమైనది. మందు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పడానికి వాసన చాలు, ఎప్పుడు ఆపాలో చెప్పడానికి వాసన చాలదు.

లెక్క అడిగే మనిషి

నేను వైద్యుణ్ణి కాను, మూడు కుక్కలను పెంచుతున్నాను. ఒక ప్రశ్న అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చెవిలో కూడా ఆ ఈస్ట్, ఆ గుండ్రని బాక్టీరియా కొద్దిగా ఉంటాయని చదివాను. అలాంటప్పుడు స్లయిడులో అవి కనిపించినంత మాత్రాన జబ్బుకు అవే కారణమని ఎలా తేలుస్తారు? ఎన్ని ఉంటే ఎక్కువ? ఆ సంఖ్య మీ వైద్యులందరికీ ఒకటేనా? కాకపోతే, ఈ పరీక్ష కూడా కొంతవరకు చూసేవారి అంచనాయే కదా!

రెండు పిల్లుల ఇల్లు

కుక్కల మధ్య ఒక పిల్లి మాట. మా చిన్న పిల్లి చెవిలో కాఫీ పొడి వంటి నల్లటి మురికి కనబడగానే, మేము వెళ్లిన చోట పరీక్షించి చూడకుండానే చెవి మైట్లు (చెవిలో చేరే అతి చిన్న పురుగులు) అని చెప్పి మందు వేశారు. పిల్లి కూనలలో ఎక్కువగా కనిపించేవి అవేనట, కనుక ఆ ఊహను తప్పుపట్టను. తగ్గలేదు, మళ్లీ వేశారు, మూడవసారీ అదే మందు. చివరకు మరొకరు ఆ మురికిని నూనె చుక్కలో కలిపి చిన్న కటకం కింద చూస్తే ఒక్క మైట్ కూడా లేదు. తరువాత మత్తు ఇచ్చి వెతికితే మధ్య చెవి నుంచి పుట్టిన కండ ఒకటి గొట్టాన్ని మూసివేసి ఉన్నది. మొదటిరోజే ఆ నూనె చుక్క వేసి ఉంటే ఆ పసిది అన్ని నెలలు బాధపడేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకొక మాట, చర్చకు కాస్త పక్కదే అయినా చెప్పకుండా ఉండలేను. కుక్కల పిడుదుల మందులలో పర్మెత్రిన్ ఉన్నవి పిల్లికి పూయకూడదు. పిల్లి శరీరం దానిని విరిచి బయటకు పంపలేదు, వణుకు, మూర్ఛ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. ఇంటి చిట్కాగా చెప్పే టీ ట్రీ నూనె కూడా అంతే ప్రమాదకరం.

చర్మం చూసేవాణ్ణి

లెక్క అడిగినవారి ప్రశ్న న్యాయమైనదే. అందరూ ఒప్పుకున్న ఒక్క సంఖ్య లేదు. కొద్దిపాటి ఈస్ట్ మంచి చెవిలోనూ ఉంటుంది, కాబట్టి సంఖ్యను ఒంటరిగా చదవము: గొట్టం ఎర్రబడి ఉన్నదా, వాచి ఇరుకైనదా, స్లయిడులో చీము కణాలు ఉన్నాయా, అవి బాక్టీరియాను మింగుతూ కనిపిస్తున్నాయా అన్నది కలిపి చదువుతాము. పైగా మొదటి స్లయిడు రెండవదానికి కొలబద్ద అవుతుంది. అంచనా ఉన్నది, కాదనను. కాని చూసి వేసే అంచనా వేరు, చూడకుండా వేసేది వేరు. చర్మం విషయంలో వైద్యలోకం ఇప్పటికే ఇటు మొగ్గింది: కుక్కల చర్మంపై చీము పొక్కుల గురించి 2025లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సూక్ష్మదర్శిని పరీక్షకు పెద్దపీట వేసి, పైపొర జబ్బుకు మింగే యాంటీబయాటిక్ కంటే ముందు పూతమందులను, మందు షాంపూలను వాడమన్నాయి.

ల్యాబుకు పంపి ఏ మందుకు లొంగుతుందో తెలుసుకుంటే స్లయిడు అక్కరలేదా అని కొందరు అడుగుతారు. ఆ నివేదిక, మందు రక్తంలో ఎంత చేరుతుందనే లెక్కపై తయారవుతుంది. చెవిలో వేసే చుక్కలలో అంతకు ఎన్నో రెట్ల గాఢత ఉంటుంది. కనుక "లొంగదు" అని వచ్చిన మందు కూడా చెవిలో పనిచేయవచ్చు. స్లయిడు చేసే పని ఆ నివేదిక చేయదు.

ఇప్పుడు ప్రశ్న వేసినవారితో ఒక మాట. పది నెలల్లో మూడుసార్లు వచ్చిందంటే ఈస్ట్ అయినా, బాక్టీరియా అయినా అతిథులే. తలుపు తీసింది వేరొకటి. ఎక్కువగా అది అలర్జీ. కొన్ని కుక్కలలో అలర్జీకి చెవి తప్ప మరో గుర్తే ఉండదు. మీ కుక్క పాదాలు నాకుతుందా, వేళ్ల సందులలో బొచ్చు తుప్పురంగుకు మారిందా, చంకల్లో, పొట్ట కింద ఎర్రదనం ఉన్నదా చూడండి. ఆహారం వల్ల అనుమానం ఉంటే, మునుపెన్నడూ తినని మాంసంతోనో, ప్రోటీన్‌ను ముక్కలు చేసిన ప్రత్యేక ఆహారంతోనో కనీసం 8 వారాలు, మధ్యలో ఒక్క బిస్కెట్ కూడా పెట్టకుండా పరీక్షించాలి. తరువాత పాత ఆహారం మళ్లీ పెట్టి దురద తిరిగి వస్తుందో లేదో చూడాలి. రక్తపరీక్షతో ఆహార అలర్జీ తేలదు.

తోక ఊపేవాడి మనిషి

స్లయిడు చూపించాను. ఎడమ చెవిలో ఉన్నవి ఆ వేరుశనగ కాయలే, విరివిగా. కుడి చెవిలో వాటితో పాటు పుల్లలు కూడా ఉన్నాయి. కుడి చెవి ముట్టుకోనివ్వకపోవడాన్ని ఇన్నాళ్లూ మొండితనమనుకున్నాను. ఇప్పుడు రెండు చెవులకూ రెండు వేర్వేరు మందులు. పన్నెండవ రోజుకు వాసన పోయింది, గోక్కోవడం మానేసింది. నా మటుకు నేను ఆ రోజే ఆపివేసేవాణ్ణి. పద్నాలుగవ రోజు స్లయిడులో ఎడమ చెవి శుభ్రం, కుడి చెవిలో ఇంకా కొన్ని పుల్లలు. వేళ్ల సందుల్లో తుప్పురంగు కూడా ఉన్నది, దానిని పుట్టు రంగు అనుకునేవాళ్లం. ఆహార పరీక్ష వచ్చే వారం మొదలు. ఇంట్లో అందరికీ చెప్పాను, అందరికంటే కష్టం మా నాన్నగారితోనే.

పాత స్టెతస్కోపు

మొదటిసారి వచ్చిన, నొప్పి లేని చెవి విషయంలో నా మాట మార్చుకోను. ఆ కుక్కకు చుక్కలు వేసి పది రోజుల్లో చూపించమంటాను. తిరిగి వచ్చిన చెవికి మాత్రం ఇకనుంచి స్లయిడు తీస్తాను, రెండు చెవులకూ విడివిడిగా. ఇన్నేళ్లూ ఎక్కువ మురికిగా ఉన్న చెవి ఒక్కదాన్నే చూస్తూ వచ్చాను.