12 వోల్టుల ఇన్వర్టర్: లోడ్ వేయగానే అవుట్‌పుట్ 225 నుంచి 165కి పడిపోతోంది

సర్క్యూట్‌పిచ్చి:
సొంతంగా కట్టిన పుష్-పుల్ ఇన్వర్టర్ (ట్రాన్స్‌ఫార్మర్ రెండు సగాల్నీ వంతులవారీగా నడిపేది). పల్స్‌లు ఇచ్చే ఎస్‌జీ3525 ఐసీ, 50 హెర్ట్జ్, ఒక్కో వైపు రెండేసి ఐఆర్‌ఎఫ్3205 మోస్‌ఫెట్లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు). మామూలు 12-0-12, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌నే తిరగేసి (12 వైపు ఇన్‌పుట్, 230 వైపు అవుట్‌పుట్) వాడాను. బ్యాటరీ 26 ఏహెచ్ (ఆంపియర్-అవర్). లోడ్ లేకుండా 225 వోల్టులు వస్తోంది, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెడితే 165. అవుట్‌పుట్‌ని సర్దే ఫీడ్‌బ్యాక్ ప్రీసెట్ (తిప్పే చిన్న రెసిస్టర్) ఎంత తిప్పినా లోడ్ మీద కదలిక లేదు. మోస్‌ఫెట్లు మార్చాలా?

టంకంపొగ:
వాటి జోలికి ఇప్పుడే పోకండి. బల్బు వెలుగుతుండగా డీసీ రేంజ్‌లో మూడు చోట్ల కొలవండి. ఒకటి, బ్యాటరీ పోస్టుల మీదే (క్లిప్పుల మీద కాదు). రెండు, సెంటర్ ట్యాప్ (12-0-12లో మధ్య 0 తీగ) నుంచి మోస్‌ఫెట్ సోర్స్ కాలికి (బ్యాటరీ నెగటివ్ వైపుది). మూడు, ఒక్కో గేట్ (మోస్‌ఫెట్‌ని ఆన్-ఆఫ్ చేసే కాలు) నుంచి సోర్స్‌కి. గేట్ సగం సమయమే ఆన్‌లో ఉంటుంది కాబట్టి మీటర్ 5 వోల్టుల పైన చూపిస్తే చాలు. 4 లోపు ఉంటే మోస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోక వేడెక్కి కాలిపోవచ్చు. మీటర్ ట్రూ ఆర్‌ఎంఎస్‌దేనా (ఏసీ ఏ ఆకారంలో ఉన్నా అసలు విలువ చూపేది)? మామూలు మీటర్ స్క్వేర్ వేవ్‌ని 11 శాతం ఎక్కువ చూపిస్తుంది.

సర్క్యూట్‌పిచ్చి:
ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరేనండి. బ్యాటరీ పోస్టుల మీద 12.6 నుంచి 12.1కి దిగింది. సెంటర్ ట్యాప్ దగ్గర 11.2. గేట్లు రెండూ 5.4. హీట్‌సింక్ గోరువెచ్చగా కూడా లేదు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం వేడెక్కుతోంది.

రాగితీగ:
అయితే మోస్‌ఫెట్లు భేషుగ్గా ఉన్నాయి. మీ ట్రాన్స్‌ఫార్మర్ 12.6ని 225 చేస్తోందంటే సుమారు 18 రెట్లు. అంటే 12 వోల్టుల వైపు ఒక వోల్టు పోతే అవుట్‌పుట్‌లో 18 పోయినట్టే. బ్యాటరీలో అర వోల్టు, బ్యాటరీ నుంచి బోర్డు దాకా 0.9, కలిపి 1.4. దాని వల్ల 25 వోల్టులు పోయాయి. పడిపోయిన 60లో మిగతా 35 ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లోనే పోతోంది.

ముందు తేలికైన పని: క్రొకడైల్ క్లిప్పులుంటే తీసేసి, 6 చదరపు మిల్లీమీటర్ల వైరుకి లగ్గులు కొట్టి పోస్టులకి బోల్టుతో బిగించండి. ఒక్కో వైరు అర మీటరు దాటనివ్వకండి. ఫ్యూజ్ హోల్డర్ పట్టుకు చూడండి, వేడిగా ఉంటే అదీ దొంగే. సెంటర్ ట్యాప్‌కీ సోర్స్‌లకీ మధ్య 2200 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. వీటితో 15 వోల్టుల దాకా వెనక్కి వస్తాయి, అంతకు మించి ఆశించకండి. 230 దగ్గర 100 వాట్లు లాగితే ఒక్కో సగం వైండింగ్ మీద 6 ఆంపియర్ల దాకా పడుతుంది. 5 ఆంపియర్ల తీగ ఎలా మోస్తుంది?

టంకంపొగ:
ప్రీసెట్ పనిచేయకపోవడానికి అసలు కారణం వేరే. పీడబ్ల్యూఎం (పల్స్ వెడల్పు మార్చి వోల్టేజ్ సర్దే పద్ధతి) పల్స్ వెడల్పుని తగ్గించగలదు, ఉన్నదానికి మించి పెంచలేదు. 12-0-12తో లోడ్ లేనప్పుడే పల్స్ నిండుగా ఉంది, ఇంకెక్కడ పెంచుతుంది? 9-0-9, 10 ఆంపియర్లది తీసుకోండి. రేషియో 25 పైనే వస్తుంది, లోడ్ మీద 10.5 వోల్టులే అందినా పీక్ (పల్స్ ఎత్తు) 268. దాన్ని 230 ఆర్‌ఎంఎస్‌కి కోయడానికి 74 శాతం వెడల్పు చాలు. మిగతాది చేతిలో ఉంటుంది.

సర్క్యూట్‌పిచ్చి:
ఇప్పుడున్న ఫీడ్‌బ్యాక్ (చిన్న ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, 100 మైక్రోఫారడ్, ప్రీసెట్, అక్కడి నుంచి 1వ పిన్) దానికి సరిపోతుందా?

టంకంపొగ:
సరిపోదు. బ్రిడ్జ్ పక్కనే కెపాసిటర్ పెడితే అది పీక్‌ని పట్టుకుంటుంది. పల్స్ సన్నబడినా పీక్ అంతే ఉంటుంది కాబట్టి ఐసీకి తేడా తెలియదు. బ్రిడ్జ్ తర్వాత ముందు ప్రీసెట్‌నే లోడ్‌గా ఉంచి, దాని మధ్య కాలి నుంచి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, ఆ తర్వాత 10 మైక్రోఫారడ్ పెట్టండి. అప్పుడు సగటు విలువ 1వ పిన్‌కి చేరుతుంది.

9-0-9 పెట్టాక ఫీడ్‌బ్యాక్ తీగ ఊడితే అవుట్‌పుట్ 300 దాటుతుంది. అందుకే మొదటిసారి ఆన్ చేసేటప్పుడు అవుట్‌పుట్‌కి లోడ్‌గా 230 వోల్టుల బల్బులు రెండు సిరీస్‌లో కలిపి పెట్టండి, బ్యాటరీ పాజిటివ్‌లో 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి. ప్రీసెట్ తిప్పితే వోల్టేజ్ నిదానంగా ఎక్కుతూ దిగుతూ ఉందని తేలాకే వేరే లోడ్ పెట్టండి. ఆన్‌లో ఉండగా అవుట్‌పుట్ వైపు వేలు పెట్టొద్దు.